ప్రాక్టీసుకి ఐదు ప్రశ్నలు

హలో… ఆ, నేనేనే, అమ్మని. మూడుసార్లు మోగి ఆగిపోయింది. ఏ లారీ కిందో పడ్డావేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి…

స్నానమా? ఇంతసేపు స్నానమేమిటే, జలుబు చేస్తే?…

సరే సరే. పనుండే చేశాను. మా స్కూల్లో ఆయాలందరికీ ట్రైనింగ్ పెట్టారని చెప్పాగా… ఆ, అదే. పిల్లలు మత్తు జోలికి పోకుండా ముందే కనిపెట్టడం. సగం క్లాసులు హాల్లో, సగం ఫోన్లో. హైబ్రిడ్డట. హైబ్రిడ్ అంటే టమాటాలే అనుకున్నా నేను…

నవ్వు, నవ్వు. ఏడో తరగతితో ఆపేసినదాన్ని, ఇంకేం తెలుస్తుంది.

ఇవాళ హోంవర్క్ ఇచ్చారు. ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి ఈ కాగితంలో ఐదు ప్రశ్నలూ అడగాలట. నువ్వు మత్తు అలవాటున్న అమ్మాయివనుకో, ఊరికే… అవునే, అపశకునమే. నాకూ గుబులుగానే ఉంది. రేపు మేడమ్ అడుగుతుందిగా మరి.

చదువుతున్నా. ఒకటి— ఏం తీసుకుంటున్నావు?… నొప్పికిచ్చే మత్తు ఇంజెక్షనా? అబ్బో, నర్సమ్మవి కదా, నర్సు వేషమే కట్టావు. రాశాను.

రెండు— ఎప్పట్నించి?… ఆపరేషన్ థియేటర్ డ్యూటీ పడ్డప్పట్నించి… అది నీకు నిజంగా పడ్డ డ్యూటీయే కదే?… ఓహో, అలా అల్లుకున్నావా. సరే.

మూడు— ఎలా దొరుకుతుంది?… నెమ్మదిగా చెప్పు… రోగికి ఇవ్వగా సీసాలో మిగిలింది… పారబోసినట్టు రాసి… అంత వివరం వద్దే, ఇక్కడ రాయడానికి ఒక్క గీతే ఉంది.

నాలుగు— ఇంట్లో ఎవరికైనా తెలుసా?…

ఏంటీ?…

"ఇప్పుడే తెలిసింది" అంటే… ఏం రాయనే?…

అమ్మడూ. ఇది ప్రాక్టీసే కదూ?…

…

ఊ.

…

లేదు, ఏడవడం లేదు. ఏడుపు రావడం లేదు… కాళ్ళ కింద గచ్చు చల్లగా ఉంది. అదొక్కటే తెలుస్తోంది… ఉండు, కుక్కర్ కూస్తోంది—

ఆ, కట్టేసి వచ్చాను. ఇంకా రెండు కూతలు రావాలి, ఎందుకు కట్టేశానో.

తిట్టకూడదట. "ఎందుకు చేశావు" అనకూడదట. కాగితం అడుగున రాసుంది. మరి ఏమనాలో రాయలేదు…

నాన్నకా?… చెప్పను. నువ్వు చెప్పమన్నప్పుడే చెబుతా…

ఐదోది చదవనా? వేరే ఏం అడగాలో నాకు తెలీదు తల్లీ…

సాయం కావాలా?

—

—

ఉన్నావా?… ఊపిరి వినపడుతోందిలే.

—

—

నేనెక్కడికీ పోను. నీ ఇష్టం వచ్చినప్పుడు చెప్పు.

—

—

—

ఆ… విన్నాను. "కావాలమ్మా" అన్నావు. విన్నాను…

రెండు గంటల దారి. బయల్దేరుతున్నా. నీ గది తలుపుకి గడియ పెట్టుకోకు.