ఆచూకీ లేనివాడి వాటా

1919 నవంబరు మొదటి వారం. జురా కొండల్లో ఒక పల్లె బడి. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. రవియే మాస్టారు ఆ ఊరి సహకార బ్యాంకుకు కార్యదర్శి కూడా. ఆయన ఎదుట పిల్లల బల్ల మీద, బ్యాంకులో చేరి అప్పు తీసుకోవాలని వచ్చిన జెలీ కూర్చుని ఉంది. ఆమె భర్త ఒక్తావ్ యుద్ధానికి వెళ్లాడు. మూడేళ్లుగా అతని ఆచూకీ లేదు.

"ఆ ఒక్క మాట లేకుండా రాయడం కుదరదా మాస్టారూ?"

"ఏ మాట?"

"ఏ మాటో మీకు తెలుసు."

"చూడమ్మా జెలీ. నేను రాయకపోయినా పట్నంలో ప్రాంతీయ బ్యాంకు వాళ్లు అడుగుతారు. పెళ్లయిన ఆడది సభ్యురాలు కావాలంటే మొగుడు ఒప్పుకున్నట్టు సంతకం ఉండాలి. మొగుడు పోయాడంటే వితంతువు అని రాయాలి. ఉన్నవి ఈ రెండు గళ్లే."

"మరి నాలాంటిది ఎక్కడ నిలబడాలి? రెండు గళ్లకీ మధ్య గీత మీదా?"

"ఆ చట్టం రాసినవాళ్లకి ఇలాంటి యుద్ధం ఒకటి వస్తుందని తెలీదు."

"సైన్యం మా కొట్టంలోంచి ఆవుల్ని తోలుకుపోయిందే, అప్పుడు ఏ గడిలో రాసుకున్నారు? అప్పుడు నన్నెవరూ అడగలేదు, నీ మొగుడున్నాడా పోయాడా అని."

"నామీద కోప్పడితే ఏం లాభం?"

"మీమీద కాదు. ఇంకెవరిమీద కోప్పడాలో తెలీక."

"కోప్పడు, పర్లేదు. కౌలు ఎప్పుడు తిరగరాయాలి?"

"సెయింట్ మార్టిన్ పండక్కి, ఈ పదకొండో తారీఖుకే. పచ్చిక ఆసామి నిన్న వచ్చి కొట్టంలోకి తొంగి చూశాడు. రెండు ఆవులకి అంత పచ్చిక ఎందుకమ్మా అన్నాడు. వెటకారంగా కూడా కాదు, జాలిగా అన్నాడు. పండగ లోపల ఇంకో మూడు ఆవుల్ని కట్టకపోతే పచ్చిక ఇంకొకళ్లకి ఇచ్చేస్తాడు. పచ్చిక పోతే ఇల్లూ పోయినట్టే, ఇల్లు దానితో కలిపిందే కదా."

"అందుకే చెప్తున్నా. కోర్టుకి ఒక అర్జీ పెట్టు. ఒక్తావ్ పోయినట్టు జడ్జి తీర్పిస్తాడు. అర్జీ పడిందని తెలిస్తే చాలు, కమిటీ చేత అప్పు రాయించే పూచీ నాది."

"మా అత్తమ్మ ఎదురుగా ఆ మాట నా నోటితో అనమంటారా?"

"ఆవిడకి తెలీకుండా..."

"ఈ ఊళ్లోనా?"

"అదీ నిజమే."

"ఆవిడ ఆదివారం ఆదివారం ఒక్తావ్ బూట్లకి కొవ్వు రాస్తుంది మాస్టారూ. తోలు ఎండిపోతే వాడి కాళ్లు ఒరుసుకుంటాయంటుంది. అలాంటి మనిషికి నేను వెళ్లి, ఆవులు కావాలి, అందుకని నీ కొడుకు పోయాడని రాయించానని చెప్పనా?"

"చెప్పమని నేనూ అనలేనమ్మా."

"మా మామగారు ఈ బ్యాంకు పెట్టినప్పుడు ఏం కాగితాలు చూపించాడు చెప్పండి. మీరూ ఉన్నారుగా."

"ఏమీ చూపించలేదు. చీజు కొట్లో, రాగి కాగు చుట్టూ నిలబడ్డాం, వెచ్చగా ఉంటుందని. పట్నం షావుకార్లు పల్లెటూరివాడికి గొడుగు కూడా అరువివ్వని రోజులవి. మీ మామే ముందు మాట్లాడాడు. ఒక్కడి పాలతో ఒక చీజు చక్రమైనా అవుతుందా, అందరి పాలూ ఒకే కాగులో పోస్తేనే కదా అయ్యేది, అప్పు కూడా అంతే అన్నాడు. ఒకడు తీర్చలేకపోతే మిగతావాళ్లం తీరుస్తామని ఎవరి ఇల్లూ పొలమూ వాళ్లు పూచీ పెట్టాం."

"భయం వేయలేదా?"

"మా ఆవిడ నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. తర్వాత పక్క ఊరివాళ్లు పెట్టుకున్నారు, ఆ తర్వాత అవతలి ఊరు. అన్నీ కలిసి పట్నంలో పెద్ద బ్యాంకు పెట్టుకున్నాయి. జనం అనుకున్నట్టు అది మనల్ని పుట్టించలేదు జెలీ, మనమే దాన్ని పుట్టించాం. ఇప్పుడు పారిస్‌లో వీటన్నిటికీ కలిపి ఒక కార్యాలయం వస్తుందంటున్నారు. ఎంత పైకి పోయినా మొదలు ఇక్కడే. మేయరుకి ఎన్ని వాటాలున్నా ఓటు ఒకటే, మీ ఒక్తావ్‌కీ ఒకటే."

"అయితే యజమానులు మీరేగా. యజమానులు ఒక రూలు మార్చుకోలేరా?"

"మార్చాలంటే చేతులెత్తాలి. ఎత్తేవాళ్లేరీ? సగం మంది ఈ బల్లల మీదే నా దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు. ఇప్పుడు యుద్ధంలో పోయినవాళ్లకని చర్చి ఎదుట పెట్టే రాతికి వాళ్ల పేర్లు నేనే రాసివ్వాల్సి వస్తోంది. ఒక్తావ్ పేరు ఇంకా రాయలేదు. రాయమని నువ్వూ అనలేదు, నేనూ అడగలేదు."

"అడగకండి."

"సరే... ఉండు. ఉండుండు. మీ అత్తగారు!"

"ఏమైంది ఆవిడకి?"

"ఏమీ కాలేదు. మీ మామ పోయి ఎన్నాళ్లయింది? ఆవిడకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏ జడ్జీ అక్కర్లేదు. కౌలులో ఆవిడ పేరు కూడా ఉంది. ఆవిడే సభ్యురాలిగా చేరి ఆవుల కోసం అప్పు తీసుకోవచ్చు. హామీకి ఇద్దరు కావాలి. ఒకడిగా నేనుంటా, రెండోవాణ్ణి నేనే పట్టుకొస్తా."

"అంటే... ఒక్తావ్ గురించి ఏమీ రాయక్కర్లేదా?"

"ఒక్క ముక్క రాయక్కర్లేదు. అతని వాటా అతని పేరు మీదే ఉంటుంది."

"మాస్టారూ, ఈ మాట ముందే చెప్పకుండా నన్నింతసేపు ఏడిపించారా!"

"ఇప్పుడే తట్టింది. ముసలాణ్ణి అయిపోయాను."

"ఆవిడ వస్తానంది, చర్చిలో దీపం పెట్టి. ఇదిగో, చెక్క చెప్పుల చప్పుడు. ఆవిడే."

అత్తగారు యుఫ్రాజీ తలుపు తట్టకుండానే లోపలికి వచ్చింది.

"ఏంటి పిల్లా, ఆ మొహం? ఏడ్చావా, నవ్వావా? మాస్టారూ, మా కోడల్ని గోడకుర్చీ వేయించారా ఏంటి?"

"రండి పెద్దమ్మా, పొయ్యి దగ్గర కూర్చోండి. మీతోనే పని పడింది."

"అత్తమ్మా, మీరు ఒక్క సంతకం పెడితే చాలట. మీరే బ్యాంకులో సభ్యురాలవుతారు. ఆవులొస్తాయి, పచ్చిక మనకే ఉంటుంది."

"నాకు సంతకం ఎక్కడొచ్చు?"

"గుర్తు పెట్టండి చాలు. సాక్షిగా నేను రాస్తాను."

"ఆయన బతికుండగా ఈ బ్యాంకు కోసం ఆదివారాలన్నీ తగలేశాడు. సూప్ చల్లారిపోయేది. ఇప్పుడు నేను చేరాలా? పైన కూర్చుని నవ్వుతాడు."

"నవ్వనివ్వండి అత్తమ్మా. మాస్టారు రేపే కమిటీలో పెడతారట."

"నీ పేరెందుకు పెట్టరు?"

"నాదంటే... అదేదో కాగితాల గొడవ. పెద్దదేం కాదు."

"ఏం కాగితాలు మాస్టారూ?"

"వదిలేయండి పెద్దమ్మా. మీరు గుర్తు పెడితే ఆ గొడవే ఉండదు."

"నేను అడిగింది అది కాదు. దాని పేరు పెట్టాలంటే ఏం రాయాలి?"

"అదేదో పట్నం వాళ్ల రూలు పెద్దమ్మా."

"నాకు తెలీదనుకున్నారా? ఒక్తావ్ పోయాడని రాయాలి. అంతేనా?"

"అత్తమ్మా, మనం రాయడం లేదు. అందుకే కదా మీరు..."

"నేను గుర్తు పెట్టను."

"ఎందుకని?"

"పెట్టను."

"ఆవులు లేకపోతే పండగ తర్వాత ఎక్కడుంటాం?"

"ఆవులు కావాలి. దాని పేరు మీదే తీసుకోమనండి మాస్టారూ. నేను గుర్తు పెడితే ఆవులొస్తాయి, బాగానే ఉంటుంది. ఇది కూడా హాయిగా ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఈ ఏడు, పై ఏడు, ఆ పై ఏడు. నేను పోయాక కూడా ఒక్కతే కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్లయినా లేవు దీనికి."

"నా వయసు సంగతి ఇప్పుడెందుకు? బల్ల మీద మూడో గిన్నె పెట్టమన్నది మీరు కాదా?"

"నేనెప్పుడన్నాను? నువ్వు పెట్టావు. నేను తియ్యలేకపోయాను."

"ఆ బూట్లు..."

"నువ్వు చూస్తావని రాశాను. రాయడం మానేస్తే నీకు అనుమానం వస్తుందని. రాసి రాసి చేతులు ఆ కొవ్వు వాసనే వేస్తున్నాయి. వాడు రాడు పిల్లా."

"అలా అనకండి."

"ఊరికే అంటానా? వాడితో పాటు ఉన్న మనిషి ఒకడు ఇంటికొచ్చి చెప్పాడు. అప్పుడు నువ్వు గడ్డి కోతల్లో ఉన్నావు. యుద్ధం ఇంకా నడుస్తోంది. బావి దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడగానే నాకు తెలిసిపోయింది, అయినా చెప్పనిచ్చాను."

"అంతా చెప్పాడా మీకు?"

"వెర్దన్ దగ్గరట. అందరికీ నీళ్లు తేవడానికి వెళ్లాడట. ఒక ఫిరంగి గుండు పడిందట. పాతిపెట్టడానికి కూడా ఏమీ..."

"బాధపడ్డాడని చెప్పాడా?"

"లేదు. అక్కడికక్కడేనన్నాడు. తనకేమైందో వాడికే తెలిసి ఉండదన్నాడు."

"అలా అయితే మంచిదే అత్తమ్మా."

"చెప్పకుండా ఉండటం కష్టమైంది పిల్లా. నువ్వు గొడ్డులా పని చేసేదానివి, సాయంత్రానికి దారి వంక చూసేదానివి. ఆ చూపు కూడా తీసేస్తే నువ్వు నిలబడతావా అనుకున్నాను. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అనుకుంటూ ఇన్నాళ్లు గడిపేశాను. మాస్టారూ, ఆ రాతి మీద వాడి పేరు కూడా వెయ్యండి. దీన్ని బ్యాంకులో రాయండి. వితంతువు అనే రాయండి. వాణ్ణి కన్నదాన్ని నేను చెప్తున్నాను."

"పెద్దమ్మా... రాస్తాను. కోర్టు తీర్పు కూడా కావాలి. కళ్లారా చూసినవాడు ఒకడు సాక్ష్యం చెప్తే తొందరగా తెమిలిపోతుంది. ఆ మనిషి పేరేంటి?"

"అడగలేదు."

"ఊరైనా?"

"ఏమీ అడగలేదు. రొట్టె, చీజు ముక్క చేతిలో పెట్టాను. మా కోడలికి చెప్పనని ఒట్టు వేయించుకుని పంపేశాను. ఎర్ర మీసాలు. ఎడమకాలు ఈడుస్తూ నడిచేవాడు. నాకు తెలిసింది అంతే."

"పేరు లేకుండా ఎక్కడని వెతకడం? ఆ దళంలో మిగిలినవాళ్లే నలుగురైదుగురు. ఏ ఊళ్లో ఉన్నారో ఏమో. ఏళ్లు పట్టొచ్చు పెద్దమ్మా. జెలీ, నీకేమైనా తోస్తోందా?"

"అల్సీద్ మొరే అని రాసుకోండి మాస్టారూ. ఆర్బ్వా ఊళ్లో ద్రాక్షసారా పీపాలు చేస్తాడు. ముందు గడ్డి కోసే చోటికి, నా దగ్గరికే వచ్చాడు అత్తమ్మా. మీరు తట్టుకోలేరు, ఇంటివైపు వెళ్లొద్దని నేనే బతిమాలాను."