తూదా కట్టెల గోడ

అట్లా చీమ దూరకుండా పేర్చకే అమ్మాయ్. సందులు వదులు. దారిన పోయేవాడికి వెనక గోడ కనపడాలి. గాలి ఆడటానికా? ఆఁ, గాలికే అనుకో. మీ నాన్న నవ్వుతాడు, "ముసలాడి పేర్పు పళ్ళూడిన నోరులా ఉంది" అని. నవ్వనీ. ఆ తడిదాన్ని అవతల పడెయ్, ఈ ఏడు అది కాలదు, ఒట్టి పొగ. ఏవిటీ? పేర్చడం ఎవరు నేర్పారంటావా? తూదా అని ఒకావిడ. నువ్వు ఎరగవులే. అదిగో, మేకలు దూరుతున్నాయే, ఆ మొండిగోడలు ఆవిడ ఇల్లే.

విధవరాలు, పిల్లల్లేరు. ఇంతే ఉండేది మనిషి. వీపున మోపు పెట్టుకుని కొండ దిగుతుంటే మోపే నడిచొస్తున్నట్టుండేది. నోరు మాత్రం, అమ్మో! దేవదారు కొమ్మేమైనా కొట్టిందేమోనని అడవి గార్డు గుర్రమెక్కి ఆపితే, "నాయనా, పాపం గుర్రానికి ఆయాసంగా ఉంది, నువ్వు దిగి దాన్ని మొయ్యి" అనేది. ఇక ఆవిడ కట్టెలు! పంచలో చూరు దాకా ఓక్ దుంగలు, మొహాలన్నీ ఒక్క వరసలో. మీ నానమ్మ రబ్‌హా నన్ను రోజూ దెప్పేది: "ఒంటరాడది అంత పేర్చుకుంది, నీ కట్టెలు చూస్తే కోళ్ళు నవ్వుతున్నాయి." దెప్పదూ మరి? వేసవంతా నేను పేకాటలో కూచున్నాను. సరే, ఎక్కడున్నాం? ఆఁ, మరిది. ఏటి అవతల పేటలో మిమూన్ అని ఆవిడ మరిది. ఏటా చలి ముందు తయారయ్యేవాడు. "వదినా, చలికి బిగుసుకుపోతావు, నా ఇంటికొచ్చెయ్." పైకి తేనే. వాడి కన్నంతా ఆ ఇంటి మీద, రెండు అక్రోటు చెట్ల మీద. వెళ్ళిందా, చచ్చేదాకా వాడి పెళ్ళానికి చాకిరీ. తూదా వాణ్ణి పంచలోకి లాక్కెళ్ళి చూపించేది: "చూడు నాయనా, నా పొయ్యి నాది." వాడు వచ్చిన దారినే పోయేవాడు.

ఊరుమ్మడి అడవిలోంచి విధవరాళ్ళకి నాలుగు కంచరగాడిదల మోత కట్టెలు ఇప్పించడం మా ఊరి సభకి ఆనవాయితీ. ఆ ఏడు అడవిలో గట్టి కాపలా, కట్టెలకి కరువు. రబ్‌హాకి నెలలు నిండాయి, కడుపులో మీ నాన్న. నేను లేచాను. ఎవరూ అడగలేదు, నేనే లేచాను. "తూదాకెందుకయ్యా వాటా? రెండు చలికాలాలకి సరిపడా పేర్చుకుంది. నా ఇంట్లో చూస్తే పురుడు" అన్నాను. ఊరిపెద్ద హమ్మూ గడ్డం దువ్వుకుని, "నిజవేనా తూదా?" అన్నాడు. ఆడవాళ్ళు లోపలికి రారు కదా, ఆవిడ గుమ్మం బయట నిలబడుంది. లోపల మొదటి వరసలో మిమూన్. వాణ్ణి చూసింది, నన్ను చూసింది. "నిజవే. నాకక్కర్లేదు" అంది. నాలుగు మోతలూ నా ఇంటికొచ్చాయి.

మీ నాన్న పుట్టిన మూడోనాడు, మోకాలి లోతు మంచులో వచ్చింది, చేతినిండా ఎండు కట్టెలతో. వద్దంటే, "బిడ్డ పుట్టినింటికి ఉత్త చేతుల్తో వస్తారటయ్యా?" అంది. జారి పడుతుందేమోనని ఇంటిదాకా దిగబెట్టాను. కట్టెలు లాగిన చోట గోడకి కన్నం పడింది, పక్క దుంగ ఊగుతోంది. సర్దుదామని చెయ్యి పెట్టాను. భుజం దాకా పోయింది. ఏవీ తగల్లేదమ్మాయ్! ఒక్క వరస, వెనక ఆపుగా రెండు వాసాలు, ఓ మూల చితుకులు. అంతే. మోకాళ్ళు పోయిన మనిషి, మిమూన్ కంటికోసం ముందు వరస పేర్చి, ఊరిచ్చే వాటాతో వెనక నింపుకునేదిట. "చెయ్యి తీసెయ్ బాస్సూ, పడిపోతుంది" అంది. తిట్టలేదు. తిట్టుంటే బావుణ్ణు.

ఇంటికొచ్చాను. ఎదురుగా ఆవిడ కట్టెలే. ఒక్క మోతైనా తీసుకెళ్ళి పడెయ్యొచ్చుగా? మోసుకెళ్తే ఊరు చూస్తుంది, ఆవిడ పరువు పోతుంది అనుకున్నాను. యాభై ఏళ్ళు అదే చెప్పుకున్నాను. అబద్ధం. రబ్‌హాకి వెచ్చగా ఉంది, బిడ్డకి వెచ్చగా ఉంది, నాకూ వెచ్చగా ఉంది. సిగ్గులేని వెధవని. ఆవిడ పంచలో ఆ వరస రోజూ కాస్త కాస్త దిగింది. చూరు దాకా ఉన్నది భుజాల దాకా, తర్వాత నడుం దాకా. ఓ పొద్దున దారిలోంచే వెనక గోడ కనపడింది. మూడోరోజుకి మిమూన్ కంచరగాడిదతో వచ్చాడు.

వాడి వెంట పోతూ తూదా మా గుమ్మం దగ్గర ఆగింది. "బిడ్డకి వెచ్చగా ఉందా?"

"ఉంది పిన్నీ" అన్నాను.

అదే ఆఖరి మాట. తర్వాత సంతలో ఎదురైతే నేనే దారి మార్చేవాణ్ణి. రెండేళ్ళకి పోయింది. మిమూన్ ఇంట్లో కట్టెలకి కొదవ లేదుట. మోసేది ఆవిడే కదా.

మీ నాన్నకా? లేదు. చెబుదామనే అనుకుంటాను, ప్రతి చలికాలం. మొహం చెల్లదే. నిన్ను వెచ్చబెట్టిన మంట ఆవిడ కట్టెలదని వాడికి ఎట్లా... ఉండు. చెప్పుల చప్పుడు. వాడే. నోరెత్తకు.

ఆఁ, రా నాయనా, రా. సంతలో బార్లీ ఎట్లా ఉంది?