గౌస్ బాషా గారి సాగదీత

ఆగవే భవ్యా, ముందు ఆ కీ మీంచి చెయ్యి తియ్యి. చివరి కూత అట్లా సాగదీస్తావేం, బెల్లప్పాకంలాగా? మోర్సు, అదే టెలిగ్రాముల భాష, నేర్చుకోవడమంటే చిన్న కూత చిన్నగా, పెద్ద కూత పెద్దగా. అంతే. ఎవరు నేర్పారే నీకు? ...ఆ, నేనే. సర్లే. నాకు నేర్పింది గౌస్ బాషా గారు. నువ్వు పుట్టకముందే పోయారులే. వినుకొండలో ఏళ్ల తరబడి టెలిగ్రాములు కొట్టి రిటైరై, మన వీధి మొదట్లో రేడియోలు బాగుచేస్తూ కూర్చునేవారు. తొంభై తొమ్మిదిలో సంగతి. నాకు నలభై నాలుగేళ్లు. బడిలో చదివింది ఐదు, మిగతాదంతా లైబ్రరీలో. అక్కడే, ఇంట్లో కూర్చుని దేశదేశాల వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో గురించి చదివి, నాకూ లైసెన్సు కావాలని ఆయన ముందు నిలబడ్డాను. "పరీక్షుందమ్మా హనుమాయమ్మా. నిమిషానికి ఐదు మాటలు చెవితో విని రాయాలి, చేత్తో కొట్టాలి" అన్నారు. ఐదేగా, నేను నిమిషానికి యాభై తిడతాను అన్నా.

నా తెలివి చూడు, చుక్కలూ గీతలూ అట్ట మీద రాసి వంటింటి గోడకి అంటించి, ఎక్కాల్లాగా బట్టీ పట్టా. హైదరాబాదులో పరీక్ష. అక్కడ కూత వినపడగానే నేను మనసులో అట్ట వెతుక్కుంటున్నా. ఈలోపు నాలుగక్షరాలు దాటిపోయాయి. పరీక్ష తప్పాను. మీ తాత ఏమన్నాడో తెలుసా? "ఇంకోసారి తప్పావంటే ఆ కూతల డబ్బా మిరపకాయల టిక్కీ బస్తాల్లో పడేసి మిర్చి యార్డుకి తోలేస్తా." అన్నంత పనీ చేసే మనిషే. బాషా గారేమో ఆ అట్ట తెప్పించి, చించి, పొయ్యిలో పెట్టి టీ కాచారు. "కంటితో నేర్చుకుంటే కంటికే వస్తుందమ్మా. నోటితో పాడు." ఇక కల్లంలో తొడిమెలు తీస్తూ, పెద్ద కూతకి దా, చిన్నదానికి డిట్, దా-డిట్, దా-డిట్ అంటూ కూర్చున్నా. నాతో తొడిమెలు తీసే గురవమ్మ పక్కకి జరిగి కూర్చుంది. "దీనికి కాయ ఘాటు తలకెక్కిందే" అని అందరికీ చెప్పింది ముండ. చెప్పనీ. రెండు నెలలకి అక్షరం వినపడితే చెయ్యే రాసేది.

రెండోసారి విని రాయడం గట్టెక్కింది. ఇక కొట్టడం. సగంలో ఆ పరీక్షాధికారి తలెత్తాడు. "చివరి కూత సాగదీస్తున్నారేంటి? ఎవరు నేర్పారు?" నేను ఊరుకుంటానా? తప్పయితే నాది, మార్కులు నాకు కొయ్యండి, ఆయన్నేం అనొద్దు అన్నా. ఆయన పెన్ను కింద పెట్టాడు. "గౌస్ బాషా గారేనా? ఒంగోల్లో పదేళ్లు టెలిగ్రాఫు తీగకి ఇవతల కూర్చుని విన్నానమ్మా ఈ చెయ్యి. మనిషిని మాత్రం ఎప్పుడూ చూళ్లేదు. ఉన్నారా?" ఉన్నారు, రేడియోలు బాగుచేస్తున్నారన్నా. పాసు చేశాడు. ఊరికొచ్చి చెబితే బాషా గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అయితే నా తప్పే నేర్పానన్నమాట నీకు. పాత తీగమ్మా, చివరి కూత మింగేసేది. అందుకని అది దాటేదాకా పట్టుకుని ఉండేవాణ్ని, అదే అలవాటైంది" అని ఒకటే నవ్వు. ఆ పై ఏడు, కాయ కోతలప్పుడు ఆయన... సరే.

ఏదీ, కొట్టు మళ్లీ. ఊఁ. ...చివరి కూత దిద్దుకుంటున్నావేమే? దిద్దకు. అట్లాగే ఉండనీ. టీ చల్లారిపోతోంది, తాగు.