గోదారి పడవకి సముద్రపు రంగు

పందొమ్మిది వందల యాభై ఎనిమిది, ఏప్రిల్ పదకొండు, శుక్రవారం. పొద్దున ఎనిమిదికే వడగాలి లేచింది, ఆకాశంలో మబ్బు తునక లేదు. మా ఊరి ఎరకయ్య అప్పటికే గోదారి ఇసకలో పక్కకి ఒరగేసిన పడవ దగ్గర కూచుని, దాని పొట్ట మీద పిడికిలితో కొట్టి చూస్తున్నాడు. తేదీ ఎలా గుర్తుందంటారా? రాజమండ్రిలో నా డిగ్రీ పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చింది ఆ రోజే. ఆ పరీక్షల్లో ఏం రాశానో ఒక్క ముక్క గుర్తు లేదు గానీ, ఆ చప్పుడు గుర్తుంది. కర్ర ఎండితే ఠంగుమంటుంది. అది దబ్‌మంది. తడి ఉందన్నమాట. గోదారి మీద తెరచాప పడవ ఉన్నవాడు ఏటేటా వేసవిలో పడవని గట్టెక్కించి, నెల్లాళ్ళు ఎండబెట్టి, ఠంగుమన్నాకే అడుక్కి పూత వేసేవాడు. గుగ్గిలం, వేపనూనె కలిపి కాచిన పూత. ఎరకయ్య ఇంట్లో ఆ కాచే పని భార్య గౌరమ్మది. ఇరవై ఆరేళ్ళు కాచింది. గుగ్గిలం చిట్లి చేతుల మీద పడితే చర్మంతో సహా ఊడేదంట. ఆ చేతులతో అన్నం ముద్ద కలపలేక ఆవిడ గరిటెతో తినేది, మీరు నమ్మరు.

ఇంతకీ ఏమైందంటే, ఆ ముందురోజే గౌరమ్మ తమ్ముడు సింహాద్రి వచ్చాడు ఉప్పాడ నుంచి. సముద్రం మీద పడవ నడిపేవాడు. వస్తూ వస్తూ రెండు డబ్బాల ఎర్ర రంగు తెచ్చాడు. రాగి కలిసిన రంగంట, పడవ అడుగుని తొలిచే పురుగు దీని వాసనకే చస్తుందంట. "బావా, ఒక్కసారి పూయి, మూడేళ్ళు తిరిగి చూడక్కర్లా. మా అక్క చేతులు సూడు, కాలిన వంకాయల్లా ఉన్నాయి" అన్నాడంట. ఎరకయ్యకి ఆ మాట గుచ్చుకుంది. గౌరమ్మ వింటూనే నవ్వేసిందంట. "గోదారిలో పురుగెక్కడుందిరా సంపడానికి? మీ సముద్రంలో ఉప్పుంది, కర్ర ఊరగాయలా నిలవుంటది. మా నీళ్ళలో ఉప్పేదిరా? ఉప్పులేని ముక్క ఏమవుద్దో నువ్వెరగవా? మా పడవకి శత్రువు లోపలి తడి, బయట కాదు. దాన్ని ఎండనియ్యండి, నేను కాస్తాను" అంది. "నీ సేతులకి ఈ ఏడన్నా సెలవియ్యవే" అన్నాడు ఎరకయ్య. "నా సేతులు నిన్నేవైనా అడిగాయా మావా?" అంది. అడగలేదు. అదే ఆయన బాధ.

సరే, పూయాలంటే సింహాద్రే పూయాలి, వేరేవాళ్ళకి తెలీదు. అతనేమో సోమవారం పోవాలి. పైగా ఆ రంగు పూసిన మర్నాడే పడవ నీళ్ళలో దిగాలంట, ఎండలో ఉంటే దాని విషం చచ్చిపోతుందంట. పడవ గట్టెక్కి నాలుగు రోజులే అయింది. అప్పుడేం చేశారనుకున్నారు? తాటాకు కాగడాలు కట్టి అడుగంతా సెగ చూపించారు. నేనూ ఒక కాగడా పట్టాను, చదువుకున్నవాణ్ణి! పైన ఎండింది. కర్ర లోపలి తడి లోపలే ఉంది. దాని మీద రెండు పూతలు వేశారు. మిగిలింది పారబొయ్యడం ఎందుకని ఎరకయ్య లోపలివైపూ పూసేశాడు, ఒక్క చుక్క దిగకూడదని. ఇహ తడి ఎటు పోతుంది? చెప్పండి, ఎటు పోతుంది?

రెండు వేసవులు పడవ గట్టెక్కలేదు. ఎక్కించే పనేముంది, అడుగు కుంకం భరిణలా మెరుస్తుంటే! గౌరమ్మ ఏడాదికోసారి "దాన్ని ఒకసారి కొట్టి సూడు మావా" అనేదంట. ఆయన నవ్వి, "నీకు కాచే పని లేక తోచట్లేదే" అనేవాడంట. మూడో ఏడు భాద్రపదంలో ఎరకయ్య, చిన్నకొడుకు జగ్గయ్య మన్యం నుంచి చింతపండు బుట్టలు వేసుకుని దిగుతున్నారు. జగ్గయ్యకి పెళ్ళయి ఏడాది కాలేదు. చాపతాడు మణికట్టుకి చుట్టుకున్నాడు, కుర్రతనం అనుకోండి. గాలి ఒక్కసారి చాప నింపింది. ఆ బరువుకి చాప కట్టిన స్తంభం మొదలు అడుగు పలకని తొక్కుకుని, పిండిలోకి వేలు దిగినట్టు, దిగిపోయింది. "అయ్యా, కాళ్ళకింద మెత్తగా ఉందేటి" అన్నాడంట జగ్గయ్య. అంతే. ఎరకయ్య ఈదుకుని గట్టెక్కాడు. తాడు జగ్గయ్యని వదల్లేదు.

పడవని మూడో రోజు లాగారు. ఎర్ర రంగు గుడ్డుపెంకులా నిలిచే ఉంది. లోపల కర్ర తడిసిన తెలగపిండి. గౌరమ్మ వేలు పెడితే రెండో కణుపు దాకా దిగింది. అప్పుడు, కబురు విని వచ్చిన సింహాద్రి, పాపం ఏదో ఒకటి అనాలిగా, "రంగు సూడు బావా, ఎక్కడా సెక్కు సెదర్లేదు" అన్నాడు.  ఎరకయ్య భార్యకేసి తిరిగి, "తిట్టవే" అన్నాడు. "తిడితే ఆడొత్తాడా మావా" అంది. ఆయన మర్నాడూ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. తిట్టి ఉంటే బతికేవాడని మా అమ్మ అనేది. ఆవిడ తిట్టలేదు, మూడు నెలల్లో ఆయన పోయాడు.

దినం అయ్యాక పడవలో మిగిలిన సామాను పంచుకున్నారు. స్తంభం పెద్దకొడుకు పోలయ్య పట్టుకుపోయి ఇంటికి దూలం వేసుకున్నాడు. లంగరు సింహాద్రికి, రంగు ఊరికే ఇచ్చాడు కదా అని. చాప జగ్గయ్య పెళ్ళానికి, ఆ పిల్ల దాన్ని మడిచి నెత్తిన పెట్టుకుని పుట్టింటికి పోయింది. గౌరమ్మకి ఏమీ రాలేదు. ఎవరికి వారు పక్కవాడు ఇస్తాడులే అనుకున్నారంట. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ అడగలేదు, అంచేత అమ్మకి ఎవరూ పెట్టలేదు.