ఏడవనివ్వొద్దన్నావుగా

హలో… ఆ, నేనే. ఈ ఇంట్లో ఫోన్ మోగితే నేను కాక ఇంకెవరెత్తుతారండీ…

చెప్పండి. పాపని లోపలికి తీసుకెళ్ళారా…

‘ఆ’ అంటే ఏమిటి. తీసుకెళ్ళారనా, ఇంకా లేదనా…

ఇప్పుడేనా. మరి దాన్ని తీసుకెళ్తుంటే మీరెక్కడున్నారు…

కుర్చీలోనా. చెయ్యి పట్టుకుని తలుపు దాకా వెళ్ళొచ్చు కదా… నర్సు రమ్మనలేదా. రమ్మంటేనే వెళ్తారా. కన్నతండ్రి మీరు, చూసిపోవడానికొచ్చిన చుట్టం కాదు…

ఏడ్చిందా…

ఏడవలేదా. మన గోలమ్మేనా. నిజం చెప్పండి…

హమ్మయ్య. నాకదే భయం. ఏడిస్తే ఆ గజ్జల్లో వాపు మళ్ళీ ఉబుకుతుందని ఇన్ని నెలలు అరచేతిలో పెట్టుకుని చూశాం. తీరా ఆపరేషన్ రోజున గుక్కపెట్టి ఏడిస్తే ఎలాగా అని రాత్రంతా నాకు కునుకు లేదు…

డాక్టరేమన్నాడు…

ఏమీ అనలేదా. మీరేమడిగారు…

ఏమీ అడగలేదు. బావుంది. ఎంతసేపు పడుతుందనీ అడగలేదు, బయటికెప్పుడు తెస్తారనీ అడగలేదు. ఏమండీ, ఆగిపోయిన లిఫ్టు బాగుచేయడానికెళ్తే లోపల ఇరుక్కున్న వాళ్ళతో తలుపు సందులోంచి గంటసేపు కబుర్లు చెబుతారు. డాక్టరు ముందు మాత్రం నోరు పెగలదా…

బిజీగా ఉన్నాడా. ఆయన బిజీ, నేను ఖాళీ. పాలు తాగే పిల్లాణ్ణి ఆస్పత్రికి తేవద్దన్నారు కాబట్టి గానీ, లేకపోతే ఆ కుర్చీలో నేనుండేదాన్ని. మీరిక్కడ కూర్చుని ఈ కర్టెన్లు కుట్టేవారు…

ఏం చేస్తున్నానా. అడిగారు, సంతోషం. బుడ్డోడు ఇప్పుడే పడుకున్నాడు. పళ్ళ డాక్టరమ్మ కర్టెన్ల కోసం ఇంకాసేపట్లో వచ్చేస్తుంది. తెల్ల కర్టెన్లు. మీరు పనిముట్ల సంచీ ఎక్కడ పెట్టి వెళ్ళారో గుర్తుందా…

వాటి మీదే. సరిగ్గా వాటి మీదే. గ్రీజు మరక ఇంత. ఇంట్లో మరి ఇంకెక్కడా చోటు లేదు పాపం…

సారీ ఏం చేసుకోను, మరక మీద రుద్దుకోనా…

ఉండండి. — వస్తున్నా అత్తయ్యా, టీయే పెడుతున్నా. — మీక్కాదండీ, అత్తయ్యకి. ఆవిడ పొద్దుట్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నారు, ఆపరేషనేదో వీధిలో జరుగుతున్నట్టు…

మీరు మాట్లాడుతూనే ఉండండి. నేను ఫ్రిజ్ తీస్తున్నాను…

ఇదేంటి…

ఏం లేదు, పాలు. రాత్రి కాచి గిన్నె నిండా పెట్టాను. సగమే ఉన్నాయి…

ఎవరూ తాగకపోతే ఎక్కడికి పోతాయి. గోలమ్మకి రాత్రి భోజనం తర్వాత పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారని, నేనే గిన్నెని వెనక్కి నెట్టి పెట్టాను. బిస్కెట్ల డబ్బా మూత కూడా వంకరగా ఉంది…

— అత్తయ్యా, పొద్దున్న మీరు పాలు తాగారా? — తాగలేదంటున్నారు. — మరి పాపకిచ్చారా? అలా చూస్తారేం, అడిగినదానికి చెప్పండి. ఆకలేస్తోందని అది మీ దగ్గరికొచ్చిందా? —

ఇవ్వలేదంటున్నారండీ…

ఎలా నమ్మను. మొదటిసారి నా కళ్ళు కప్పి ఐస్‌క్రీం తినిపించిందెవరు. దాంతోనే కదా జలుబు చేసి ఆపరేషన్ తప్పిపోయింది. — చూడండత్తయ్యా, ఇచ్చి ఉంటే ఇప్పుడే చెప్పేయండి, నేనేం అనను. పిల్ల ప్రాణం మీదికొస్తుంది. మీ ముద్దు కాదు ముఖ్యం. —

…

లేచి గదిలోకి వెళ్ళిపోయారు. తలుపేసుకున్నారు. ఏడుస్తున్నారు కూడా. నేనేమన్నానండీ ఇప్పుడు, ఉన్నమాట అడిగాను…

మీరేం మాట్లాడరేం. మీ అమ్మని అన్నానని కోపమా…

కాదా. మరి…

ఉండండి ఉండండి. గోలమ్మ కప్పు. బాతు బొమ్మ ఉంటుంది చూడండి, ఆ కప్పు. కడిగి ఉంది…

నేను కడగలేదు. బోర్లించి ఉంది, గిన్నెల స్టాండు పై అరలో…

అత్తయ్యకి పై అర అందదు. నాకే మునివేళ్ళ మీద లేస్తే గానీ అందదు…

…

ఏమండీ…

వింటున్నారా. ఒకటడుగుతాను, చెప్పండి…

ఏమండీ. ఆ కప్పు కడిగింది మీరేనా…

నీళ్ళు నమలకండి. అవునా, కాదా…

…

పాలిచ్చారు. బిస్కెట్లు కూడానా…

మూడో నాలుగో. ఎప్పుడు. బయల్దేరే ముందా…

నేను బుడ్డోణ్ణి పడుకోబెడుతున్నప్పుడు. సరే. మరి అక్కడ నర్సు అడగలేదా, పాప ఏమైనా తిందా అని…

అడిగింది. ఏం చెప్పారు…

ఏమీ తినలేదని చెప్పారు…

…

లేవండి. ముందు ఆ కుర్చీలోంచి లేవండి…

ఎందుకిచ్చారో తర్వాత చెబుదురు గాని. నడవండి. మత్తిచ్చినప్పుడు కడుపులో ఉన్నది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందనీ, ప్రాణానికే ప్రమాదమనీ మనిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది కదండీ ఆ నర్సు. మీరప్పుడు ఏం వింటున్నారు…

మళ్ళీ వాయిదా వేస్తారా. వేయనివ్వండి. ముందు జలుబని తప్పింది, తర్వాత డాక్టరు లేడని తప్పింది, ఇప్పుడిది. తప్పితే తప్పింది. పిల్లకంటే ఎక్కువా…

తలుపు దగ్గరికొచ్చారా…

లోపలికి రాకూడదని రాసుంటే రాసుండనివ్వండి. బెల్లుందా. నొక్కండి…

ఎవరూ రావట్లేదా. మళ్ళీ నొక్కండి. వేలు తీయకండి…

అయితే తలుపు కొట్టండి. ఎవరో ఏదో అనుకుంటారని మెల్లిగా కాదు, లిఫ్టు ఇరుక్కుంటే కొడతారే, అలా కొట్టండి. నాకిక్కడికి వినపడాలి…

ఆ. ఇంకా…

వచ్చారా. ఎవరు…

నర్సా. చెప్పండి. పాలూ బిస్కెట్లూ తిందని చెప్పండి…

చెబుతున్నారా, చూస్తూ నిలబడ్డారా. ఫోనావిడకివ్వండి. ఇవ్వండి ముందు…

అమ్మా, నేను ఇందాక లోపలికి తీసుకెళ్ళిన పాప తల్లిని. ఆరేళ్ళ పిల్ల, హెర్నియా ఆపరేషన్. అది తెల్లవారుజామున పాలు తాగిందమ్మా, బిస్కెట్లు కూడా తింది. అవును, ఆయన తినలేదని చెప్పారు. అబద్ధం చెప్పారు. మత్తివ్వొద్దని చెప్పండి, వెంటనే వెళ్ళి చెప్పండి…

…

హలో…

మీరా. వెళ్ళిందా లోపలికి…

పరిగెత్తిందా…

పరిగెత్తే వెళ్ళిందా. సరే…

తలుపు అద్దంలోంచి ఏమైనా కనిపిస్తోందా…

ఆకుపచ్చ తెరేనా. ఇంకేం లేదా…

ఎవరైనా అరుస్తున్నారా లోపల…

లేదా. అరవకపోతే మంచిదా, చెడ్డదా. నాకేం తెలుస్తుందండీ, వంటింట్లో నిలబడి. ఏదో ఒకటి మాట్లాడండి. ఎందుకిచ్చారు. ఇప్పుడు చెప్పండి…

ఆకలేస్తోందందా. అంటుంది మరి, పిల్ల కదా. కాసేపు ఏడ్చి ఊరుకునేది…

…

ఏమన్నారు…

మళ్ళీ చెప్పండి…

…

అన్నాను…

అవును, నేనే అన్నాను. ఏడవనివ్వొద్దని. రోజూ అన్నాను, మీ వెంటపడి మరీ అన్నాను. అది మూతి ముడిస్తే చాలు, అడిగింది చేతిలో పెట్టెయ్యమన్నాను. అందుకని…

పెదవులు విరిచిందా. కంట్లో నీళ్ళు కూడా వచ్చేశాయా…

ఖాళీ కడుపుతో పంపబుద్ధి కాలేదు. మీకు మనసొప్పలేదు. నాకేమో కడుపు మాడ్చడం సరదా. నేను రాయిని…

అది కాదు, నర్సు అడిగినప్పుడైనా చెప్పొచ్చు కదా. అప్పుడు చెప్పినా ఏం మునిగిపోయేది…

నేను తిడతాననా. నా నోటికి భయపడి నర్సుకి అబద్ధం చెప్పారా…

తిడితే తిడతాను. ఇన్నేళ్ళుగా తిడుతూనే ఉన్నాను, దాని వల్ల మీరేమైనా చిక్కిపోయారా. చావరు కదా నేను తిడితే…

ఏమిటీ. దానికి కూడా చెప్పారా, ఎవరితోనూ అనొద్దని…

నర్సు దాన్ని కూడా అడిగిందా. అది…

తల అడ్డంగా ఊపింది…

…

ఇక నాతో మాట్లాడకండి కాసేపు. ఫోన్ మాత్రం పెట్టకండి…

…

అత్తయ్య బయటికొచ్చారు. బుడ్డోడు లేచినట్టున్నాడు, ఎత్తుకున్నారు…

— అత్తయ్యా, మీరు కాదు. మీ అబ్బాయే ఇచ్చారు. నేను తొందరపడి మాట జారాను. —

స్టవ్ కట్టేశారు. టీ మాడిపోయింది, నేను చూసుకోనేలేదు. నా వీపు మీద చెయ్యేశారు. తిట్టినా బావుండేది…

ఏమైంది. నర్సొచ్చిందా…

ఆవిడ మొహం ఎలా ఉంది. నవ్వుతోందా, సీరియస్‌గా ఉందా…

మీకేదీ తెలీదు. ఆవిడకివ్వండి…

చెప్పండమ్మా…

మత్తు మాస్కు ఇంకా పెట్టలేదా…

చేతిలో పట్టుకుని ఉన్నారా…

…

లేదు, లైన్లోనే ఉన్నాను. కింద కూర్చున్నాను, అంతే. చెప్పండి…

డాక్టరుగారికి కోపం రాదా మరి. తిట్టనివ్వండమ్మా, నేనూ తిట్టాను, వాళ్ళూ తిట్టనివ్వండి. తప్పు మాదే…

ఇవాళే చేస్తారా. మధ్యాహ్నం, అందరికంటే ఆఖర్న. చాలమ్మా, అదే పదివేలు…

అప్పటి దాకా మళ్ళీ ఏమీ పెట్టకూడదు. నీళ్ళు కూడానా…

అర్థమైంది. అమ్మా, ఒక్క మాట. అది ఆకలికి ఏడుస్తుంది. ఊరికే ఏడవదు, ఆస్పత్రి మొత్తం వినపడేలా ఏడుస్తుంది. వాపు మళ్ళీ బయటికొస్తే…

ఏం కాదా. మీరంతా పక్కనే ఉంటారా. వస్తే లోపలికి సర్దేస్తారా…

మేం ఇన్నాళ్ళూ ఏడవనివ్వలేదమ్మా. గట్టిగా మాట్లాడ్డానికి కూడా భయమేసేది దానితో…

సరే. ఆయనకిస్తారా. ఇవ్వండి…

ఏమండీ…

మీరు ఏడుస్తున్నారా. ఏడవకండి. లేదు, ఏడవండి, కానీ త్వరగా కానిచ్చేయండి, పిల్లని తెస్తున్నారట. ఇప్పుడు నేను చెప్పేది చెవిన వేసుకోండి. మధ్యాహ్నం దాకా దానికి మీరేమీ పెట్టకూడదు…

ఏడ్చినా పెట్టకూడదు. కాళ్ళు పట్టుకున్నా పెట్టకూడదు. పక్క మంచం వాళ్ళు జాలిపడి ఇచ్చినా పెట్టకూడదు…

నేనా. నేనెలా వస్తానండీ, బుడ్డోణ్ణి రానివ్వరు. మీరే. మీ వల్ల కాదంటే కుదరదు, ఉన్నది మీరొక్కరే అక్కడ. చూడలేకపోతే కళ్ళు మూసుకోండి. పెట్టకండి…

వచ్చిందా. ఫోను దానికివ్వండి…

గోలమ్మా…

ఆ, అమ్మనే. ఇంటి నుంచే మాట్లాడుతున్నాను…

లేదమ్మా, నాన్నని తిట్టలేదు…

సరే, తిట్టాను. కొంచెం…

ఎవరికీ చెప్పలేదా. నర్సక్క అడిగినా చెప్పలేదా…

తెలుసు. నువ్వు మాటిస్తే మాటే. కానీ తల్లీ, డాక్టర్లు అడిగితే మాత్రం అన్నీ చెప్పెయ్యాలి. నాన్న వద్దన్నా చెప్పాలి…

అమ్మ వద్దన్నా చెప్పాలి…

ఆకలేస్తోందా…

ఇప్పుడేం పెట్టరమ్మా. సాయంత్రం దాకా ఏమీ లేదు…

నాన్న కూడా పెట్టడు. నేనే పెట్టొద్దన్నాను…

అవును, నేనే…

ఒక్క గుటక నీళ్ళు కూడా వద్దు…

…

ఏడుస్తున్నావా…

ఏడువు…

నిజంగానే చెబుతున్నాను. ఏడువు. ఇవాళ నిన్నెవరూ ఊరుకోమనరు. నర్సక్కని కూడా అడిగాను…

గట్టిగానే. ఇన్నాళ్ళది బాకీ ఉంది కదా…

…

ఆ, వింటున్నాను…

…

అయిందా…

ఇంకా ఉందా. సరే, కానీ…

నా మీదనా కోపం. ఉండనీ తల్లీ. నా మీదే ఉండనీ…

హలో…

హలో… గోలమ్మా…

పెట్టేసింది.