శనివారం పన్నెండింటి కూత

(ఓక్లహోమాలో చిన్న ఊరు. టోర్నడో వచ్చిపోయిన మర్నాడు పొద్దున, ఫైర్ స్టేషన్ ముందు నీవా అనే అమ్మాయి, ఊరి సైరన్ మోగించే లైల్.)

"భుజమ్మీంచి చెయ్యి తియ్యి లైల్ బాబాయ్! ఏడవడానికి రాలేదు, అడగడానికొచ్చా. నిన్న సైరన్ ఎందుకు మోగించలేదు?"

"మోగించా నీవా."

"అబద్ధం!"

"పన్నెండు దాటి రెండు నిమిషాలకి ఒకసారి, ఏడు నిమిషాలకి ఇంకోసారి. ఈ చేత్తోనే నొక్కా. నువ్వు వినలేదూ?"

"నేను పక్కూళ్లో, మా కొట్లో ఉన్నా. నా సంగతెందుకిప్పుడు? మోగితే మా అమ్మ నేలమాళిగలోకి దిగదా? చీమ చిటుక్కుమన్నా దిగేది. అక్కడ కుర్చీ, దుప్పటి, రేడియో, అన్నీ సిద్ధం."

"తెలుసమ్మా. ఆ కుర్చీ దింపింది నేనేగా."

"మరెందుకు దిగలేదు?"

"నిన్న ఏ వారం?"

"శనివారం. పన్నెండింటికి సైరన్ పనిచేస్తోందా అని చూసే టెస్ట్ కూత రోజు. అయితే? మబ్బు పడితే టెస్ట్ ఉండదుగా! మబ్బులో మోగిందంటే నిజమేనని బళ్లో మాకు నేర్పింది నువ్వే."

"నేర్పా."

"మరి?"

"కూర్చో తల్లీ."

"నిలబడే వింటా. చెప్పు."

"మార్చిలో రెండు శనివారాలు మబ్బని మానేశా. ఫోన్ల మీద ఫోన్లు. 'లైల్, నిద్దరోయావా? మా బీన్స్ మాడిపోయాయి' అని ఒకరు, 'పనివాళ్లు భోజనానికి లేవట్లేదు' అని ఒకరు. ఊరు ఊరంతా ఆ కూతకేగా తినడం! డైనర్ హోటల్లో అడుగుపెడితే చాలు, నాకు గురక పెట్టి చూపించేవాళ్లు. ఆ ఎగతాళి పడలేక..."

"పడలేక?"

"మబ్బున్నా మోగించేశా. వరసగా మూడు వారాలు. ఏం కాలేదు."

"ఛీ!"

"నిన్నటిది నిజం. గరాటాలా దిగుతున్న సుడిగాలిని కళ్లారా చూసి నొక్కా. ఎవరూ కదల్లేదు నీవా! డైనర్లో కాఫీ పోసుకుంటున్నారు. పరిగెత్తి వెళ్లి అరిచా, మళ్లీ వచ్చి నొక్కా. అప్పటికే మీ వీధి మీదికొచ్చేసింది."

"అయితే అమ్మని చంపింది నువ్వే."

"నేనే. సాయంత్రం ఊరి సభలో అదే చెప్తా. సైరన్ తాళం ఇచ్చేస్తా."

"చెప్పకు."

"ఏమిటీ?"

"చెప్పొద్దు బాబాయ్, నీ కాళ్లు పట్టుకుంటా."

"ఎందుకమ్మా? నన్ను నిలువునా పాతెయ్యాలని రాత్రి నువ్వే అన్నావట."

"అన్నా. అసలు మోగించలేదని నీ నోటితో అంటావేమో, దాన్ని పట్టుకుని బతుకుదామని వచ్చా."

"మోగింది తల్లీ."

"తెలుసు. నీ తప్పు నువ్వు ఒప్పుకుంటే నా తప్పు నేనెలా దాచుకోను? ఫోన్లో విన్నా."

"ఫోన్లోనా?"

"కూత వినగానే అమ్మ నాకు ఫోన్ చేసింది. 'నల్లగా కమ్మిందే నీవా, దిగనా?' అంది. 'శనివారం పన్నెండమ్మా, మూడు వారాలుగా మబ్బున్నా మోగుతోందిగా, అది బాబాయ్ భోజనం కూత. కార్న్‌బ్రెడ్ చల్లారిపోతుంది, తిను. బేరం చూసుకుని వస్తా, లైన్లోనే ఉండు' అన్నా."

"అది నిజం కూతని నీకెలా తెలుస్తుందమ్మా..."

"లైన్లోనే ఉంది బాబాయ్. ఐదు నిమిషాలు అలాగే ఉంది. నేను మళ్లీ ఫోన్ తీసేసరికి సైరన్ రెండోసారి మోగుతోంది. 'ఇప్పుడన్నా దిగనా?' అనడిగింది. నేను నవ్వాను."