డెస్క్‌టాప్ చాలదా?

దుకాణంలో ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భవనాలకు ప్లాన్లు గీసే భార్య మాత్రం ల్యాప్‌టాప్ ముందు నుంచి కదలలేదు.

"డెస్క్‌టాప్ తీసుకోవే. అదే ధరకి ఇంకా పెద్ద గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. ల్యాప్‌టాప్ అయితే ఊరికే వేడెక్కుతుందట."

"వేడెక్కుతున్నది అదా, మీరా?"

"ఇంట్లో కూర్చుని గీసేదానికి మోసుకెళ్లేది ఎందుకంటున్నాను."

"ఇంట్లో కాదు. పొరుగూళ్లో ఆసుపత్రి కట్టిస్తున్నవాళ్లు అక్కడే ఏడాది పాటు ఉండి గీయమన్నారుగా. సరేనన్నాను."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"ల్యాప్‌టాప్ కావాలని వారం నుంచీ అంటున్నాను. ఇంకెలా అనమంటారు?"

ఆమె పనిలో పైకి రావాలని రోజూ దేవుణ్ణి కోరుకునేది తానే, ఇప్పుడు గడప దాటనివ్వనిదీ తానేనా? ఆయనకు సిగ్గేసింది. దుకాణదారు వైపు తిరిగాడు.

"ఆ ల్యాప్‌టాపే ఇవ్వండి. బ్యాగు మాత్రం రెండు భుజాలకీ తగిలించుకునేది చూడండి. ఈవిడకి మెడనొప్పి."